దూరపు కష్టానికి దారి వేద్దాం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం సహాయనిధికి పిలుపిచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది. "మన జిల్లాలోనే వెయ్యి బాధలుండగా ఎక్కడివాళ్ళదో మనకెందుకు సార్? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుంది" అంటారు. ఈ మాటను నేను తప్పు పట్టను. పెన్షనులో మందులకు పోను మిగిలేదెంతో మనందరికీ తెలుసు. అయితే దీనికి జవాబు మన పాలమూరు చరిత్రలోనే ఉన్నదని మనవి చేస్తున్నాను.

ఒకప్పుడు దేశానికి దూరపు కష్టం అంటే మనమే. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడక ముందు మనదంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా. కృష్ణ, తుంగభద్ర పక్కనే పారుతున్నా పొలాలు ఎండేవి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు చేతబట్టుకొని, ముసలివాళ్ళను ఇంటికి కాపలా పెట్టి, కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరేవి. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో రాష్ట్రాల ఆనకట్టల మీద, కాలువల మీద "పాలమూరు లేబర్" చెమట పడింది. అక్కడ రాళ్ళు పడి, మట్టి పెళ్ళలు విరిగి పోయినవారి సంగతి ఇంటికి చేరడానికే ఎన్నో రోజులు పట్టేది. వెట్టి నిర్మూలనకు 1976లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చట్టాలు వచ్చాయి. ఆ చట్టాలు మన పల్లెలకు చేరడానికి మాత్రం ఎవరో ఒకరు కాగితం పట్టుకొని తిరగవలసి వచ్చింది.

ఇప్పుడు చక్రం తిరిగింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్ళు. సైన్యం వచ్చింది, ఎన్నో సంస్థలు వచ్చాయి. వారాల తరబడి వెతికినా ఆ వేసవి నాటికి దొరికినవి రెండు మృతదేహాలే. ఏ ఆనకట్ట ఏ రాష్ట్రంలో ఉన్నదో మన తల్లులకు ఎలా తెలియలేదో, దోమలపెంట ఎక్కడున్నదో ఆ జార్ఖండ్ తల్లులకూ అలాగే తెలియదు. వారికి మనమే దూరపు ఊరివాళ్ళం. ఆ రోజుల్లో మన కూలీల పట్ల అక్కడివారు ఎలా ఉండాలని మనం కోరుకున్నామో, ఈ రోజు మనం అలా ఉండాలా వద్దా? ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం.

మరి జనం ఎందుకు కదలరు? మనసు లేక కాదని నా అనుభవం. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు-కర్నూలు రహదారి మీద నడిచిపోతున్న కూలీలకు పెబ్బేరు దగ్గర అన్నం పొట్లాలు పంచినవారిని నేను చూశాను. వారిలో ధనవంతులు లేరు. కష్టం కళ్ళ ముందుకు వచ్చింది, చేయి దానంతటదే ముందుకు సాగింది. కనబడని కష్టానికి మాత్రం ఎవరో ఒకరు దారి వేయాలి.

బెంగాల్ కరువు సంగతి మీకు తెలిసిందే. 1943లో సుమారు 30 లక్షల మంది ప్రాణాలు పోయాయంటారు. సర్కారు కాగితాల్లో అది "ఆహార కొరత" మాత్రమే. ఆ సంవత్సరం ఆగస్టులో కలకత్తా "స్టేట్స్‌మన్" పత్రిక వీధుల్లో పడి ఉన్న మనుషుల ఫోటోలు అచ్చు వేసింది. అప్పుడు గాని ఢిల్లీలో, లండన్‌లో కదలిక రాలేదు. అంకె చదివి తల ఊపే మనిషి, ముఖం చూస్తే లేచి నిలబడతాడు.

మన గడ్డ మీది ఉదాహరణ ఇంకొకటి. శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు 100 గ్రామాలు మునిగాయి. లక్షకు పైగా జనం ఊళ్ళు వదిలారు. 1981లో మిగిలిన ఇళ్ళను కూల్చి ఖాళీ చేయించారు. అదే ముంపులో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్ళనూ అలాగే తరలించారు. అది గొప్ప పని, మనకు గర్వకారణం. ఆ రాళ్ళ తరఫున మాట్లాడడానికి ఒక శాఖ, ఇంజనీర్లు, పండితులు ఉన్నారు. మనుషులకు అలా నంబరు వేసి, ఎవరు ఎక్కడికి చేరారో, ఎలా ఉన్నారో ఏళ్ళ తరబడి చూసినవారు లేరు. కుటుంబానికొక ఉద్యోగం ఇచ్చేందుకు 1986లో జీవో 98 వచ్చింది. దాని అమలు కోసం నిర్వాసితుల బిడ్డలు తల నెరిసేదాకా కార్యాలయాల చుట్టూ తిరిగారు. ఒకసారి చూపిన జాలి చాలదు, వెంటబడి అడిగేవారు కావాలని మనం నేర్చుకోవలసిన పాఠం ఇది.

2009 అక్టోబరు వరద మరొక పాఠం చెప్పింది. ఆలంపురం మునిగింది, రాజోలి మునిగింది. ఎక్కడెక్కడి నుంచో బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు వచ్చాయి. పంపిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి మొక్కాలి. కాని రాజోలి చేనేత ఊరు. మగ్గం గుంటలో బురద నిండి, నూలు తడిసి పాడైన నేతగానికి కావలసింది మళ్ళీ మగ్గం ఆడడం. పాత చీరలు నాలుగు వస్తే నేసేవాడికి పని దొరకదు. ఏం కావాలో బాధితులనే అడగాలి.

ఇక మన పెన్షనర్లం ఏం చేయగలం? డబ్బు కొంచెమే ఇవ్వగలం. కాని సర్వీసులో మనం నేర్చిన విద్యలున్నాయి. అర్జీ రాయడం వచ్చు. జీవో చదవడం వచ్చు. జవాబు రాకపోతే రిమైండరు పంపడం వచ్చు. పైసా పైసాకూ క్యాష్‌బుక్ రాయడం వచ్చు. అందుచేత నాలుగు సూచనలు చేస్తున్నాను.

ఒకటి: ఎక్కడ ఆపద వచ్చినా "బాధితుల సహాయార్థం" అని ఊరికే పిలుపివ్వకుండా ఒక ఊరిని, ఒక అవసరాన్ని ఎంచుకొని సభ్యులకు చెప్పాలి. రెండు: అక్కడి పెన్షనర్ల సంఘానికి ఉత్తరం రాసి ఏం కావాలో తెలుసుకోవాలి. మూడు: వసూలైనదెంత, ఖర్చెంత అన్నది నోటీసు బోర్డు మీద పెట్టాలి. లెక్క చూపిన చోట రెండోసారి అడగకుండానే ఇస్తారు. నాలుగు: మూడు నెలలకొకసారి ఆ ఊరి క్షేమం అడిగి సభ్యులకు చదివి వినిపించాలి.

అలాగే మన ఊళ్ళ ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో పనిచేసే ఒడిశా, బీహారు కూలీల పేర్లు, ఇంటి చిరునామాలు ప్రతి శాఖ ఒక రిజిస్టరులో రాసి పెట్టుకుంటే, ఆపద వేళ వారి ఇంటికి కబురైనా చేరుతుంది. దూరపు కష్టానికి దగ్గరి దారి ఇదే.

మనం బతికే ఉన్నామని ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం. ఇవ్వకపోతే పెన్షను ఆగుతుంది, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. బతికి ఉన్నారో లేదో అడిగేవారే లేని మనుషులు ఈ లోకంలో కోట్ల మంది ఉన్నారు. వారిలో కొందరి సంగతైనా మనం అడుగుదాం. ఈ నాలుగు సూచనలను, రిజిస్టరు విషయాన్ని కార్యవర్గం పరిశీలించి తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.