చలిజ్వరము - తల్లీ బిడ్డలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది ఉర్దూ మీడియం బడి. మాటల మధ్య ఉర్దూ దొర్లితే మన్నించాలి, అయినా ఈ వరంగల్లులో ఆ మాటలు తెలియనివారు ఎవరున్నారులెండి. కార్యదర్శిగారు మమ్మల్ని పిల్లల చదువు మీద మాట్లాడమన్నారు. మేము జ్వరం మీద మాట్లాడతామన్నాము. వానలు పడ్డ తరువాత మా హాజరుపట్టీ చూసినవారికి ఈ రెండూ వేరు విషయాలు కావని తెలుస్తుంది.

మన నానీలు, దాదీలు 'జాడా బుఖార్' అనేవారు. తెలుగులో చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, తరువాత కాలిపోయే ఒళ్ళు, ఆ తరువాత చెమటలు. దీని గుట్టు బయటపడింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియా క్రిమి కనబడింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. నల్లకుంట కోరంటి దవాఖానకు ఆయన పేరు పెట్టారు. మంచిదే. మరి ఆ దోమ తాగిన రక్తం ఎవరిది? హుసేన్ ఖాన్ అనే రోగిది. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారట. పుస్తకాల్లో రాస్ దొర ఉంటాడు గానీ హుసేన్ ఖాన్ ఉండడు. ఆ పాఠం వచ్చినప్పుడల్లా మేము ఆ పేరు కూడా నల్లబల్ల మీద రాస్తాము.

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి ఈ జ్వరం వచ్చేదని, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో సర్కారు పెద్ద కార్యక్రమం మొదలుపెట్టి, ఇంటింటా డి.డి.టి. చల్లించింది. 1965 నాటికి కేసులు లక్షకు దిగినవి. ఇక పోయిందనుకున్నారు, పట్టు సడలింది. 1976లో మళ్ళీ 64 లక్షలు! ఆ తరువాత మెల్లమెల్లగా తగ్గి, 2023లో దేశం మొత్తం మీద రెండు లక్షల ఇరవై ఏడు వేల కేసులు, 83 మరణాలు లెక్కకు వచ్చినవి. ఇప్పుడు మన బస్తీల్లో డెంగీ పేరే ఎక్కువ వినిపిస్తున్నది. అందుచేత చలిజ్వరాన్ని మరచిపోతున్నాము. 1965లో మరచిపోయినట్టే.

ప్రపంచం సంగతి వింటే గుండె బరువెక్కుతుంది. 2023లో దాదాపు ఆరు లక్షల మంది దీనివల్ల చనిపోయినారు. నూటికి 95 మంది ఆఫ్రికా ప్రాంతం వారు. అక్కడ చనిపోయిన నలుగురిలో ముగ్గురు అయిదేళ్ళు నిండని పిల్లలు. లెక్క వేసి చూడండి, నిమిషానికి ఇంచుమించు ఒక పసిబిడ్డ.

పిల్లలకే ఎందుకింత ముప్పు అంటే, పుట్టిన కొన్ని నెలల దాకా తల్లి ఇచ్చిన రక్షణ ఉంటుంది, అది పోయాక సొంత శక్తి ఇంకా రాదు. క్రిమి ఎర్ర రక్తకణాలను తినేస్తుంది. ఫాల్సిపారం రకమైతే మెదడుకెక్కి ఫిట్స్ వస్తవి. పొద్దున ఆడుకున్న పిల్లవాడు మరునాటికి స్పృహ తప్పవచ్చు.

ఇక కడుపుతో ఉన్న తల్లి. ఈ మాట చెప్పడానికే మేము ఇంత దూరం వచ్చాము. ఈ ఫాల్సిపారం క్రిమి పట్టిన రక్తకణాలు మాయలో, అంటే బిడ్డకు ఆహారం అందే చోట, అంటుకొని దాక్కుంటవి. బిడ్డకు అందవలసినది అందదు. గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు, నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టవచ్చు. తల్లికి రక్తం తగ్గిపోయి కాన్పులో ప్రాణం మీదికి వస్తుంది. ఆఫ్రికాలో ఎప్పుడూ దోమ కుట్టే చోట్ల పెద్దవాళ్ళకు కొంత అలవాటు ఉంటుంది గనుక తల్లికి జ్వరం లేకుండానే బిడ్డ చిక్కిపోతుంది. మనవాళ్ళకు ఆ అలవాటు లేదు. ఇక్కడ తల్లే మంచాన పడుతుంది.

"మాకెందుకు వస్తుంది, అది అడవి జ్వరం కదా" అంటారు. ఏటూరునాగారం, మంగపేట, తాడ్వాయి ఎంత దూరం? 2019లో ములుగు జిల్లా అయినంత మాత్రాన దోమకు సరిహద్దు తెలుస్తుందా? బట్టల మూటలతో, పాతసామాను బేరానికి, లారీల మీద మన పిల్లలు అక్కడికి పోయివస్తుంటారు. కుట్టిన పదీ పదిహేను రోజులకు గానీ జ్వరం రాదు, ఎక్కడ అంటుకుందో గుర్తుండదు. అతణ్ణి కుట్టిన ఇంటి దోమ, కొద్ది రోజులకు భార్యను కుడుతుంది.

మన ఇళ్ళల్లో ఏం జరుగుతున్నదో చెబితే కోపగించుకోవద్దు. కోడలికి జ్వరం వస్తే "నజర్ తగిలింది" అంటారు, తావీజు కడతారు. కట్టండి, మేము వద్దనము. కానీ ఆ రోజే రక్తం చూపించండి. వేలు కుచ్చి ఒక్క చుక్క తీస్తే పావుగంటలో తేలుతుంది. ఆశా కార్యకర్త దగ్గరా, సర్కారు దవాఖానలోనూ డబ్బు తీసుకోరు. మామగారికి పోయినసారి ఇచ్చిన మాత్రలు మిగిలినవి కదా అని అవే వేస్తారు, అది మరీ ప్రమాదం. ప్రైమాక్విన్ అనే మాత్ర గర్భిణికి, ఏడాది నిండని పిల్లలకు ఇవ్వరాదు. ఆమెకు ఇవ్వదగిన మందులు వేరే ఉన్నవి, డాక్టరు చూసి ఇస్తారు. అసలు మామగారి దగ్గర మాత్రలు ఎందుకు మిగిలినవి? వైవాక్స్ రకానికి ఆ మాత్ర పద్నాలుగు రోజులు వేసుకోవాలి. నాలుగో రోజు జ్వరం దిగగానే మానేస్తే కాలేజంలో దాగిన క్రిమి నెలల తరువాత మళ్ళీ లేస్తుంది.

పూనాలో తయారయ్యే ఆర్21 టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసింది, ఆఫ్రికా పిల్లలకు అది మేలు చేస్తున్నది. మనకు మాత్రం దోమతెర, నీళ్ళ జాగ్రత్త, రక్తపరీక్ష, ఇవే ఆధారం.

నీళ్ళ మాట వచ్చింది గనుక ఒక మనవి. పట్నంలో మలేరియా దోమ మురికికాలువలో కాదు, మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. మిద్దె మీది ట్యాంకు, మూతలేని బావి, వజూ చేసే హౌజు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మసీదు కమిటీలవారు ప్రతి గురువారం హౌజు ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఎండనిచ్చి నింపితే జుమా నాటికి సిద్ధంగా ఉంటుంది. ఖాళీ చేయలేనంత పెద్ద హౌజయితే పురుగులను తినే గంబూసియా చేపలు అడిగి తెచ్చి వదలండి. మా బడి పెద్ద పిల్లలు పదిమంది ఈ పనికి వస్తామన్నారు. ఏ మసీదుకు ఎప్పుడు రావాలో కార్యదర్శిగారికి చెప్పండి, చీపుర్లు మేమే తెచ్చుకుంటాము.