బాట బాగుచేయు శూరులు



శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండ 80వ సర్గను ప్రవచనములలో విస్తరించి చెప్పుట అరుదు. మేమును ఇన్నేండ్లుగా దానిని త్వరత్వరగా దాటించుచునే వచ్చితిమి. భరతుడు అన్నగారిని తోడ్కొని వచ్చుటకు అడవికి పోవలెను. సేనయు, తల్లులును, పురజనులును నడుచుటకు బాట కావలెను. అందుచేత ముందుగా కొందరు పోయిరి. నేల గుణమెరిగినవారు, దారము పట్టి కొలుచువారు, త్రవ్వువారు, చెట్లు నరకువారు, సున్నపు పనివారు, వెదురు పనివారు అని మహర్షి వారి పనులను వరుసగా చెప్పెను. వారు గోతులు పూడ్చిరి, పల్లములు చదును చేసిరి, చెట్లు లేని చోట్ల చెట్లు నాటిరి.

ఆ వరుసలో మహర్షి వారిని ‘శూరులు’ అనెను. పలుగు పార పట్టినవారికి శౌర్యమేమి? పాఠశాలలో ‘సమర్థులు’ అని అర్థము చెప్పుకొని ముందుకు సాగితిమి.

గత విజయదశమి మరునాడు ఒంగోలు నుండి నెల్లూరు సభకు పోవుచుంటిమి. అది చెన్నై, కొల్‌కతా నగరములను కలుపు 16వ జాతీయ రహదారి. పూర్వము దానికి 5వ నంబరు. రాత్రి వాన కురిసి వెలిసినది. కావలి దాటిన పిమ్మట ఒక ప్రక్క బాట మూసి గుంతలు పూడ్చుచుండుటచే కారు నిలిచినది. ఈ పని రాత్రిపూట చేసికొనరాదా అని విసుగుకొంటిమి. రాత్రివేళ ఆ పనివారు లారీ నడుపువానికి కనబడుట ఇంకను కష్టమని మాకు తోచలేదు.

దిగి చూచితిమి. ఒకడు గుంత అంచులను నలుచదరముగా కోయుచుండెను. ఉన్న గుంతను పెద్దది చేయుదువేల నాయనా అని అడిగితిమి. “అంచు కొయ్యకుండా పోస్తే నిలవదు సామీ. నీళ్లు సందులోకి దిగితే మళ్లీ లేచిపోద్ది” అనెను. తరువాత లోపలి మట్టిని, తడిని తుడిచి, తారు పూసి, వేడి కంకర మిశ్రమమును నింపిరి. ఆ మిశ్రమము కలుపునప్పుడు సుమారు 150 డిగ్రీల వేడి ఉండును. మన హోమగుండము ముందు గడియసేపు కూర్చుండుటకే విసనకర్ర కావలెను! వాని వీపు వెనుక రెండు మూడు అడుగుల దూరమున లారీలు పోవుచున్నవి. అవి వచ్చుట వానికి కనబడదు, వినబడును. ఎఱ్ఱజెండా పట్టి దూరమున నిలిచిన ఒక పిల్లవానిని నమ్మి తల వంచుకొని పని చేయుచున్నాడు. మహర్షి మాట అప్పుడు మాకు బోధపడినది.

అంతటితో ఆగినచో సంతోషమే. బాట అంచున ఒక వృద్ధురాలు చీపురుతో ఏదో ఊడ్చుచుండెను. కుంకుమ అంటిన బూడిద గుమ్మడి ముక్కలవి. “ఏమనుకోవద్దు సామీ, పండగ మర్నాడంతా మాకిదే పని. తడి మీద ఈ ముక్కలుంటే మోటారుసైకిలు జారదా? పోయినేడు ఇక్కడే ఒక పిల్లోడు పడ్డాడు” అనెను.

మేము మారు పలుకలేదు. ముందునాడు ఉదయముననే మూడు లారీలకు పూజ చేయించి, బాట నడుమ గుమ్మడికాయ కొట్టుడని చెప్పినది మేమే.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున, ఆపద లేకయే రాజమార్గమున అమేధ్యమును విడిచినవానికి 2 కార్షాపణముల దండనము విధించి, దానిని వెంటనే శుభ్రము చేయవలెనని కూడ చెప్పబడినది. కూష్మాండము అమేధ్యము కాదని వాదింపవచ్చును. చక్రము క్రింద పడిన పిదప ఆ వాదము ఎవరికి కావలెను? నాలుగు బాటల కూడలిలో బలి ఉంచుట పూర్వాచారమున కలదు, నిజమే. ఆ కూడలులలో ఎడ్లబండ్లు నడిచెడివి. లారీకి తీసిన దిష్టిని ఎవరి బిడ్డకో తగిలించుటకు శాస్త్రమును అడ్డు పెట్టుకొనరాదు.

నాటి నుండి మేము చేయించు వాహనపూజలలో గుమ్మడికాయను ఆలయము వెనుక వేపచెట్టు మొదట కొట్టించి, ముక్కలను యజమానుల చేతనే ఎత్తించుచున్నాము. ఒక లారీ యజమాని అలిగి వేరొక పురోహితుని వెదకికొనెను.

కార్తికమున మరల అదే దారిని పోవుచు, ఆ గుంత ఉన్న చోటు చూపుమని డ్రైవరుతో అంటిమి. “ఇందాకే దాటాము స్వామీ” అనెను.