పల్లం నుంచి చూసిన నగరం

(హనుమకొండలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



2014 అక్టోబరులో హైదరాబాద్‌లో పదకొండో మెట్రోపొలిస్ ప్రపంచ మహాసభ జరిగింది. తెలంగాణ ఏర్పడి అప్పటికి నాలుగు నెలలు. 1985లో పుట్టి, బార్సిలోనా నుంచి నడిచే ఆ మహానగరాల సంఘం సభకు ఎన్నో దేశాల మేయర్లు, ప్రణాళికావేత్తలు వచ్చారు. ‘అందరి కోసం నగరాలు’ అన్నది ఆ సభ నినాదం. తెలుగు నేల మీద ప్రపంచ నగరాలు కూడి ఇంత సూటిగా మాట్లాడుకున్న సందర్భం నాకు మరొకటి గుర్తు లేదు. అందుకే ఈ సాయంత్రం ఆ నినాదాన్ని మన ఊరికి తెచ్చుకుందాం అనిపించింది.

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. 1986లో ఒటావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు ఒక ప్రకటన చేసింది. ఆరోగ్యం ఆసుపత్రిలో తయారయ్యేది కాదు, మనుషులు బతికే చోట, పనిచేసే చోట, ఆడుకునే చోట తయారవుతుంది అన్నది దాని సారం. ఆరోగ్య నగరాల ఉద్యమం ఆ రోజుల్లోనే మొదలైంది. 1996లో ప్రపంచ ఆరోగ్య దినోత్సవానికి ఆరోగ్యకరమైన నగరాలనే అంశంగా తీసుకున్నారు. అదే ఏడాది ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి ఆవాస సదస్సు జరిగింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2016 అక్టోబరులో, క్విటోలో కొత్త నగర అజెండా ఆమోదం పొందింది. మరుసటి నెల షాంఘైలో వందమందికి పైగా మేయర్లు ఆరోగ్యమే నగరపాలనకు గీటురాయి అని ఒప్పుకున్నారు.

ఈ సభలను తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. నేను తీసుకోను. పది దేశాలవాళ్లు కూర్చుని ఒక మాట మీదికి వస్తే, ఆ మాట పట్టుకుని మన కార్పొరేషన్ గుమ్మం ముందు నిలబడి అడిగే హక్కు మనకు వస్తుంది. నాకున్న పట్టింపు ఒక్కటే: ‘అందరి కోసం’ అన్న మాట నిజమో కాదో ఎక్కడ నిలబడి చూడాలి? నా జవాబు, పల్లంలో. కొత్తగా వేసిన రింగు రోడ్డు మీదో, ఎత్తయిన భవనం మీదో నిలబడితే నగరం అందంగానే కనబడుతుంది. నాలా పక్కన, చెరువు శిఖం అంచున, వానాకాలం ఇంట్లోకి నీళ్లొచ్చే వీధిలో నిలబడితేనే దాని ఆరోగ్యం ఎంతో తెలుస్తుంది.

ఎందుకంటే ఊళ్లో ప్రతిదీ పల్లానికే దిగుతుంది. వాన నీరు దిగుతుంది, మోరీ నీరు దిగుతుంది, ఎగువ కాలనీల చెత్త దిగుతుంది. అక్కడ నేల చవక, అద్దె తక్కువ. కాబట్టి పల్లె నుంచి కూలికొచ్చిన కుటుంబమూ, చిన్న జీతగాడి ఇల్లూ అక్కడికే చేరతాయి.

మన హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడూ చెరువుల మధ్య పెరిగిన ఊళ్లు. 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించిన నాటికే ఈ నేల మీద నీటిని నిలపడం రాజధర్మంగా ఉండేది. కాకతీయులూ వాళ్ల సామంతులూ కట్టించిన పాఖాల, రామప్ప, లక్నవరం పేర్లు అందరూ చెబుతారు. అంతకంటే ముఖ్యమైనది ఆ చెరువుల అమరిక. గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోవాలి, అది నిండితే ఇంకో కుంటకు. ఆ దారిలో ప్రతి అడుగుకూ పని ఉంది. ఖాళీగా కనబడే శిఖం భూమి నిజానికి ఖాళీ కాదు. పదేళ్లకోసారి వచ్చే నీళ్లకు అట్టిపెట్టిన జాగా అది. గత యాభై ఏళ్లలో మనం చెరువులను పూర్తిగా పోగొట్టుకోలేదు, కానీ చెరువుకూ చెరువుకూ మధ్యనున్న దారిని పోగొట్టుకున్నాం. నా దృష్టిలో ఈ నగరానికి జరిగిన పెద్ద నష్టం అదే.

2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి హనుమకొండలో వీధులు వీధులే మునిగాయి. నాలాల మీద ఆక్రమణలు తీసేయాలని అప్పుడు ఆదేశాలొచ్చాయి. 2023 జులై చివర మళ్లీ వరద. ఈసారి భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ దగ్గర తెగింది, దిగువన ఉన్నవాళ్లను ఖాళీ చేయించారు. ఆ తర్వాత నయీంనగర్ నాలాను వెడల్పు చేశారు, వంతెన తీసి కొత్తది కట్టారు. మంచి పని. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది. మళ్లీ కాలనీలు నీళ్లలో, మళ్లీ పడవలు. బొందివాగు పక్కన ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ లాంటి చోట్ల ఉండేవాళ్లకు ఇది వార్త కాదు. బియ్యం, సర్టిఫికెట్లు, పిల్లల పుస్తకాలు అటక మీద పెట్టుకోవడం వాళ్లకు ఏటా వానాకాలం ముందు చేసే పని. ఒకచోట నాలా వెడల్పు చేస్తే నీరు వేగంగా దిగి తర్వాతి ఇరుకు దగ్గర ఆగుతుంది. మత్తడి నుంచి మత్తడి దాకా మొత్తం దారిని ఒకటిగా చూసి, ఒకటిగా బాగుచేస్తే తప్ప ఆ ముంపు ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి మారుతుంది, అంతే.

ఇది చేయగల పనేనని హైదరాబాద్ చరిత్రే చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నది ఒడ్డున గోడ కట్టి సరిపెట్టుకోమనలేదు. నగరానికి పైన, నీరు పుట్టే చోటికి పోయి చూశాడు. మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టమన్నాడు. నగరానికి మురుగు పారుదల కూడా కావాలన్నాడు. 1912లో నగరాభివృద్ధి మండలి వచ్చింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒక్క వరదకు జవాబు చెప్పడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఓపిక ప్రభుత్వానికి ఉండటమే గొప్ప. మనకు 2020 నుంచి లెక్కేసినా ఇంకా సమయముంది, మొదలు పెట్టిన పనిని మధ్యలో వదలకపోతే.

ఇప్పుడు మన ఊరు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి. ఇది ఎంతమందికి తెలుసో!

క్విటోలో, షాంఘైలో ఆ పెద్ద మాటలు చెప్పుకున్న 2016లోనే, వాటికి కొన్ని నెలల ముందు, గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా దానికి చేయూతనిచ్చింది. ఇలాంటి నిబంధనలు చేసిన నగరాల్లో దేశంలోనే మనది మొదటి వరుస. సభలో మలవ్యర్థాల మాట ఎత్తడానికి కొందరు మొహమాటపడతారు. పడకూడదు. మన ఊరికి పూర్తి భూగర్భ డ్రైనేజీ లేదు. వేల కోట్ల అంచనాతో దానికి ప్రణాళిక సిద్ధం చేసినా అది గడపగడపకూ రావడానికి ఏళ్లు పడుతుంది. అంతదాకా ప్రతి ఇంటి కిందా సెప్టిక్ ట్యాంకే. మడ్డి అడుగున పేరుకుంటుంది, పైన తేరిన నీరు ఇంకుడు గుంటలోకి పోవాలి. చాలా ఇళ్లలో ఇంకుడు గుంటే ఉండదు, పైపు తిన్నగా మోరీలోకి పెడతారు. ట్యాంకు నిండినప్పుడు పిలిచే బండి ఆ మడ్డిని ఎక్కడ పోసిందని మనమెవరమూ అడిగేవాళ్లం కాదు. ఊరవతల పొలంలోనో, వాగులోనో. మళ్లీ పల్లానికే.

కొత్త నిబంధనలు ఆ బండ్లకు లైసెన్సు పెట్టాయి, పనివాళ్లకు తొడుగులు, బూట్లు ఉండాలన్నాయి, మడ్డిని తెచ్చి పోయాల్సిన చోటు చూపించాయి. 2017లో అమ్మవారిపేటలో శుద్ధికేంద్రం మొదలైంది. మడ్డిని ఆరబెట్టి, వేడితో కాల్చి, రోగక్రిములు లేని బొగ్గులాంటి పొడిగా మార్చే పద్ధతి అక్కడ పెట్టారు. ఆడవాళ్ల కోసం షీ టాయిలెట్లు వచ్చాయి. బజారుకో బస్టాండుకో వచ్చిన ఆడమనిషి పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా తిరిగే బాధ ఎవరికి తెలుసో వాళ్లకే ఆ గదుల విలువ తెలుస్తుంది.

ప్రజలే కేంద్రంగా నగరాభివృద్ధి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ పని. ఇందులో ప్రారంభోత్సవానికి పనికొచ్చే అందమేమీ లేదు. భద్రకాళి బండ్ మీద సాయంత్రం నడక నాకూ ఇష్టమే. అక్కడ పిల్లలు ఆడుకోవడం చూస్తే కడుపు నిండుతుంది. కానీ కట్ట మీద దీపాలకు దొరికినంత సులువుగా కట్ట కింది మోరీకి డబ్బు దొరకాలి. 2024 నవంబరులో పూడిక తీయడానికి ఆ చెరువును ఖాళీ చేసినప్పుడు అందరం చూశాం, అడుగున ఎంత పేరుకుందో, గుర్రపుడెక్క ఎంత బలిసిందో. గుర్రపుడెక్క అంతగా పెరిగేది మురుగు తిని. ఎగువన వదిలిన పైపులన్నిటి లెక్కా ఆ చెరువు అడుగున ఉంది.

జ్వరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆ తర్వాత ఆయన ఎన్నో ఏళ్లు దోమ పుట్టే నీటిని తీసేయమని ఊరూరా చెబుతూ తిరిగాడు. ఎందుకోగానీ మనం ఆయన సూక్ష్మదర్శినిని గుర్తుపెట్టుకున్నాం, ఆ ప్రచారాన్ని మరిచిపోయాం. డెంగీ దోమ మురుగులో పెరగదు, ఇంట్లో పట్టిపెట్టుకున్న మంచినీళ్లలో పెరుగుతుంది. నల్లా నీళ్ల మీద భరోసా లేని వీధిలో డ్రమ్ములు ఉంటాయి, డ్రమ్ములున్నచోట ఆ దోమ ఉంటుంది. ఆ వీధి పిల్లవాడు ఎంజీఎం ఆసుపత్రిలో చేరితే కేస్ షీట్ మీద డెంగీ అని రాస్తారు. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందన్నది రాయరు. రాయాలి. జ్వరాల జాబితా, నీటి సరఫరా జాబితా ఒకే బల్ల మీదికి రావాలి. అది కష్టమైన పని కాదు. రెండు శాఖలు నెలకోసారి కలిస్తే చాలు.

వరంగల్ 2022లో యునెస్కో లెర్నింగ్ సిటీల వరుసలో చేరింది. స్మార్ట్ సిటీ అయ్యింది, వారసత్వ నగరమైంది. ఈ పేర్లన్నీ రావడం సంతోషమే. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలు కలిశాక మన కార్పొరేషన్ నాలుగు వందల చదరపు కిలోమీటర్లు దాటింది. వాటిలో చాలాచోట్ల ఇంకా పొలాలున్నాయి, కుంటలున్నాయి. అంటే పాత హనుమకొండలో పోగొట్టుకున్న నీటిదారులను అక్కడ పోగొట్టుకోకుండా ఉండే అవకాశం మిగిలే ఉంది. 2041 మాస్టర్ ప్లాన్ మ్యాపులో మీ ఊరి కుంట, దాని మత్తడి, ఆ నీరు పోయే కాలువ ఉన్నాయో లేదో చూడండి. విద్యార్థులు ఈ పని చేయాలని నా కోరిక. కాకతీయ విశ్వవిద్యాలయంలో, ఎన్ఐటీలో చదివే పిల్లలు ఒక్కో గొలుసుకట్టును నడిచి, ఎక్కడ దారి మూసుకుపోయిందో రాసి పెడితే, ఏ అంతర్జాతీయ సభలోనైనా దాన్ని బల్ల మీద పెట్టొచ్చు.

2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు వేయమంది: యువకులవి, మహిళలవి, వయసు పైబడినవాళ్లవి, ప్రముఖులవి. ఒక్కోదానిలో పదిహేనుమంది. కాగితం మీద ఇంతకంటే ప్రజాకేంద్రమైన ఏర్పాటు మరో దేశానికి పోయి తేనక్కర్లేదు. ఆ కమిటీలు ఎక్కడ కూర్చుంటున్నాయి, ఏం తీర్మానిస్తున్నాయి అన్నది మనం అడగాలి. నాది ఒక చిన్న ప్రతిపాదన. ఏటా మే నెలలో, వానలకు ముందు, ప్రతి వార్డు కమిటీ తన సమావేశాన్ని నాలా గట్టున పెట్టుకోవాలి. ఇంజినీరు, కార్పొరేటర్, ఆశా కార్యకర్త, సెప్టిక్ ట్యాంకు బండి నడిపే మనిషి, పోయినసారి ఇంట్లోకి నీళ్లొచ్చిన ఇల్లాలు, అందరూ ఉండాలి. ముందు మాట్లాడాల్సింది ఆ ఇల్లాలు. నీరు ఏ వైపు నుంచి వచ్చింది, ఎంత ఎత్తు వచ్చింది, ఎన్ని గంటలు నిలిచింది అన్నది ఆమె చెబుతుంది, ఇంజినీరు రాసుకుంటాడు. ఆ కాగితం కమిషనర్ గారి సంతకంతో వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి, వానాకాలం అయిపోయేదాకా అక్కడే ఉంచాలి.