మాఘమాసమున తోట సంరక్షణము



శివరాత్రి సమీపించుచున్నది. ప్రొద్దుటి చలి యింకను విడువకున్నను, మధ్యాహ్నపుటెండ యప్పుడే వీపునకు చురుక్కుమని తగులుచున్నది. మన మరిపెడ ప్రాంతమున తోటకు సంవత్సరములో నిది మిక్కిలి సందిగ్ధమైన కాలము. మనుష్యుడు చలికి కప్పుకొనును, ఎండకు నీడ జేరును. చెట్టు కదలలేదు గదా! కావున ఏ చెట్టునకు నీరు పోయవలెను, ఏ చెట్టునకు పోయరాదు అను వివేకము మనకే యుండవలెను.

మొదట మామిడిమాట. పూతలో నున్న ముదురు చెట్టును జూచి జాలిపడి బిందెలకొలది నీరు పోయువారు గలరు. అది మేలు గాదు. తేమ తగిలిన కొమ్మ పూతకు మాఱుగా చిగురు వేయును. ఉన్న పూతయు రాలును. పిందె బఠాణిగింజంత యైన పిదపనే నీరు పెట్టవలెను. పూతపై తెల్లని బూడిద కానవచ్చినచో, నీట కలియు గంధకపు పొడిని లీటరునకు 3 గ్రాములచొప్పున కలిపి చల్లవలెను. తేనెమంచు పురుగునకు 5 కిలోల వేపగింజల పొడిని 100 లీటర్ల నీట నానవేసి వడగట్టిన కషాయము చాలును. అయితే పూలు విచ్చి, తేనెటీగలును ఈగలును మూగుచున్న వేళ ఏ మందును చల్లరాదు. అవి లేనిచో పిందె యెక్కడిది?

మల్లెకు సంక్రాంతినాటికే కత్తిరింపు ముగియవలెను. ఇప్పుడు చిగురు కనబడుచుండును గావున పశువులయెరువు వేసి నీరు పెట్టవచ్చును.

ఇక లేతమొక్కల సంగతి. అసలు ప్రమాద మిచ్చటనే యున్నది. 2015లో ఆరంభమైన హరితహారమునను, పిదప ఏర్పడిన పల్లె ప్రకృతి వనములందును ఊరూర మొక్కలు నాటిరి. నాటుట వానకాలపు పని. బ్రతికించుట మాఘఫాల్గునముల పని. మొదటి వేసవి దాటని మొక్కకు ఎంత వేడుకతో నాటినను ఫలమేమి? ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కేటాయించెను. నాటిన చెట్లకు వేసవిలో ఉదయసాయంకాలములందును, చలికాలమున దినము విడిచి దినమును, వానకాలమున నేల యెండినప్పుడును నీరు పోయవలెనని యాయన విధించెను. చెట్టుకును చెట్టుకును 20 మూరల యెడము ఉత్తమమనియు, 12 మూరలకు తగ్గరాదనియు చెప్పెను. రెండేసి మూరలకొక మొక్కను నాటు నేటివారిని జూచిన నాయన యేమనియుండునో!

పాదును వెడల్పు చేసి, ఎండుటాకులుగాని వరిగడ్డిగాని జానెడు మందమున పఱచుడు. మొదలునకు ఆనించినచో చెదలు పట్టును. జానెడు దూరము విడువుడు. ఈ ఆకులనే మనవారు కుప్పలుగా నూడ్చి అంటింతురు! రెండేండ్ల వేపకు అడుగున సెగ తగిలిన చాలును, బెరడు చుట్టును చచ్చును. పైకి కొన్నాళ్లు పచ్చగా నుండి యెండిపోవును. గ్రామమున ఈ మంటలను మాన్పింపగలవారు మీవంటి పెద్దలే. పిల్లలు మీ మాట విందురు.

గుడియెదుటను బడియెదుటను ఉన్న గరికను వేళ్లంట గీకరాదు. చలికి మందగించిన గరిక ఎండ ముదురగానే తానే చిగుర్చును. దానినడుమ మొలచిన వయ్యారిభామను మాత్రము పూయకముందే పెఱికివేయుడు. అది ఒంటికి తగిలిన దురద పుట్టును గావున చేతికి గుడ్డ చుట్టుకొనుట మంచిది.

నీరు చాలనిచోట ఒక యుపాయము గలదు. కాల్చిన మట్టికుండను మొక్కకు మూరెడు దూరమున మెడవఱకు పాతిపెట్టి నీరు నింపుడు. కుండగోడనుండి నీరు మెల్లమెల్లగా నూరి వేళ్లకు చేరును. పైనేల తడియదు గావున కలుపును తక్కువ. రంగు పూసిన కుండ పనికిరాదు. మూతిపై మూకుడు బోర్లించుట మఱవవలదు; లేనిచో నీరు ఆవిరియగును, దోమలును గ్రుడ్లు పెట్టును.