కంతు రోజు ఫోను

వెనక గోడకానుకున్న పిల్లకాయలూ ముందుకు రాండప్పా, కుర్చీలు ఖాళీగా ఉండాయి.

నన్ను పిలిచినాయన ఏమన్నాడో తెలుసా? "సార్, ఆ మైక్రోఫైనాన్స్ మేనేజర్లవి రాతిగుండెలు, దాని గురించి చెప్పండి." ఈ మాట వినీ వినీ చెవులు తూట్లు పడినాయి. గుండె గట్టిదా మెత్తదా చూసి ఏ కంపెనీ ఉద్యోగమియ్యదు సామీ. నేనూ ఆ కుర్చీలో నాలుగేండ్లు కూర్చున్నోణ్ణే.

పొద్దున ఎనిమిదికి ఏరియా మేనేజరు ఫోను. నిన్న ఎంత రావాల, ఎంత వచ్చింది? అంతే. ఒకరోజు ఒక ఊర్లో, పదిమంది గ్రూపులో ఒకామె కంతు కట్టలేదు. మొగుడు బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తా పైనుంచి పడినాడంట. వసూలుకు పోయిన మా కుర్రోడు ఫోన్ చేసి "ఏం చేయాల సార్?" అన్నాడు. "డబ్బు వచ్చేదాకా ఎవర్నీ లేవనీయొద్దు" అన్నా. తిట్టలేదు, అరవలేదు. తిట్టే పని తక్కిన తొమ్మిదిమందే చేసినారు. ఇంటికాడ ఆవులు అరుస్తుండాయి కదా. మధ్యాహ్నానికి నూటికి నూరు వసూలు. పై ఆఫీసు నుంచి "గుడ్" అని మెసేజ్. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నా. నవ్వొద్దండి. తప్పు చేస్తున్నానని అనిపించి ఉంటే కదా ఆగేది? నాకది షీటులో ఒక ఖాళీ గడి, అంతే.

ఇంకొకటి, చట్టమొస్తే అన్నీ సర్దుకుంటాయనేది. 2010 ఆగస్టులో మైక్రోఫైనాన్స్ కంపెనీ ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్‌కెక్కినాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద ఆర్డినెన్సు తెచ్చింది. మన కర్ణాటకలో 2025 ఫిబ్రవరిలో వచ్చింది, పీడించి వసూలు చేస్తే పదేండ్ల దాకా జైలు. సరే, పోలీసులకు కనపడేది గడప ముందర నిలబడిన కుర్రోడు. ఎనిమిది గంటల ఫోను ఎవరికి కనపడుతుంది?

టైమైపోయిందంటున్నారు, తొందరగా చెప్తా. 2022 ఏప్రిల్ నుంచి కంతులన్నీ కలిపి ఇంటి నెలాదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు నియమం. మంచిదే. ఆ ఆదాయం రాసుకొచ్చేదెవరు? టార్గెట్ ఉన్న ఆ కుర్రోడే! ఇది మన దగ్గరే కాదు, అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, టార్గెట్ కోసం ఖాతాదారులకు తెలీకుండా ఖాతాలు తెరిచినారని 5,300 మంది ఉద్యోగుల్ని తీసేసింది, 2016లో బయటపడింది. అందరూ రాతిగుండెలోళ్లేనా?

ఏమక్కా? ఆ గ్రూపులో కంతు కట్టలేనామె ఆ పొద్దు ఎట్ల కట్టిందనా? పక్కింట్లో వడ్డీకి తెచ్చింది. ఎంత వడ్డీకో నేనడగలేదు. షీటులో దానికి గడి లేదు.