అగ్నిశిఖను గుర్తించుట

తొలకరి జల్లులు కురిసిన పిమ్మట అడవి అంచులందును, చేలగట్లపై ముళ్లపొదలందును ఒక తీగ తలయెత్తును. వేసవిలో అచ్చోట దాని జాడయే కానరాదు. కాడ యెండినను నేలలోని దుంప సజీవమై యుండి, ఏటేట వానలకు క్రొత్తగా చిగుర్చును. ఇట్టి మొక్కలను బహువార్షికములందురు. ఈ తీగయే అగ్నిశిఖ. అడవినాభి, పొత్తిదుంప అనునవి దీనికి మన నాట గల పేర్లు. 1753లో లిన్నేయస్ పండితుడు దీనికి గ్లోరియోసా సూపర్బా అని పేరిడెను. నల్లమల మొదలగు తూర్పుకనుమల ప్రాంతములందు, నీరు నిలువని నేలలలో, పొదల ఆసరాతో ఇది పెరుగును.

దీనిని గుర్తించుటెట్లు? మొదట ఆకు కొనను చూడుడు. అది సన్నగిల్లి, మెలితిరిగి, దాపుననున్న కొమ్మను చుట్టుకొనును. ప్రాకుటకు దీనికి వేరుగా నులితీగలు లేవు. ఆకే ఆ పని చేయును. పిదప పూవును చూడుడు. పూవు నేలవైపు వ్రాలియుండగా, అలలవంటి అంచులుగల ఆరు రేకులును మీదికి మడిగి జ్వాలలవలె నిలుచును. మొదట ఆకుపచ్చగానుండి, పసుపువన్నె దాల్చి, తుదకు ఎఱ్ఱబారును. ఆరు కేసరములు బండిచక్రపు ఆకులవలె నలుదెసల చాచుకొనును. దుంప నాగలివలె వంకర తిరిగియుండుటచే సంస్కృతమున లాంగలి యన్నారు.

ఈ దుంపవిషయముననే మిక్కిలి మెలకువ వలయును. తినదగిన గడ్డయని భ్రమించి దీనిని తిని ప్రాణములు గోల్పోయినవారు కలరు. శ్రీలంకలో ఇట్టి ప్రమాదములు పెక్కు నమోదైనవి. మొక్క యంతటను, ముఖ్యముగా దుంపలందును గింజలందును, కోల్చిసిన్ అను విషము కలదు. ఉడికించినను దానిని నమ్మరాదు. అది శరీరమందలి కణముల విభజనను అడ్డగించును. తిన్న కొన్ని గంటలకుగాని వాంతులు, విరేచనములు మొదలుకావు. లక్షణములు కనబడువఱకు వేచియుండక, తిన్నట్లు తెలిసినంతనే ఆసుపత్రికి కొనిపోవలెను. పందిరికి ఈ తీగను ప్రాకించు గృహస్థులు పిల్లలను, పశువులను దాని దరికి రానీయరాదు.

ఆ కోల్చిసిన్‌నే వైద్యులు మితమైన మోతాదులో కీళ్లవాతమునకు ఔషధముగా వాడుదురు. అందులకై అడవిదుంపలను విచ్చలవిడిగా త్రవ్వుటచే పలుచోట్ల ఈ తీగ అరుదైనది. ఆకును కోసిన మరల చిగుర్చును. దుంపను పెకలించినచో మరుసటి వానలకు మొలచుటకు ఏమియు మిగులదు. తమిళనాడున ఈ పూవు రాష్ట్రపుష్పము; అచ్చటి రైతులు గింజలకొఱకు దీనిని పొలములలో సాగుచేయుచున్నారు. ఔషధమునకు అట్టి పంట ఉండగా అడవిని త్రవ్వనేల? ఈ వానకాలమున పొదలలో అగ్నిశిఖ కనబడినచో మీ పిల్లలకు ఆకు కొనను, పూవు వన్నెను దూరమునుండియే చూపుడు. దుంప జోలికి పోకుడు.