బళ్లారి నాటక సభలు – వాని చరిత్ర, ఆశయము
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో నాటకములను గూర్చిన ప్రసంగ మేమని కొందరికి వింతగా తోచవచ్చును. కాని తెలుగునాట గ్రంథాలయమును, నాటక సమాజమును తోబుట్టువులవలె పెరిగినవి. రెండింటికిని చందాలే ఆధారము. రెండును లాభాపేక్ష లేక, పెద్దల ఔదార్యముతోను, యువకుల కాయకష్టముతోను నిలిచినవి. పుస్తకముల బీరువా కొనుటకై నాటకమాడిన గ్రామములును కలవు. నాటకపు పాత్రలను పఠనమందిరమున కూర్చుండి పంచుకొన్న గ్రామములును కలవు. కావున జీతము కోరక నాటకమాడిన తొలి సమాజములలో ముఖ్యములైన బళ్లారి సభల చరిత్రను స్మరించుట ఈ శుభసమయమునకు తగియే యున్నది.

యక్షగానములు, వీధినాటకములు, తోలుబొమ్మలాటలు తెలుగువారికి చిరకాలముగా ఉన్నవే. తెరలు, రంగాలంకరణము గల నాటకము మాత్రము పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మనకు వచ్చినది. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున తన విద్యార్థులచే నాటకము లాడించెను. ఆ కాలముననే ధార్వాడ నాటక సమాజమువారు తెలుగు పట్టణములలో తిరుగుచు ప్రదర్శనము లిచ్చిరి. వారి తెరలను, వేషములను చూచిన తెలుగువారికి, మన భాషలో ఇట్టివి ఏల ఉండరాదను పట్టుదల కలిగెను. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున ‘కీచకవధ’ ఆడిన కుటుంబములు నాటకమునే జీవనాధారముగా గైకొని ఊరూర తిరుగసాగెను. వారి త్యాగము వేరు. బళ్లారివారి మార్గము వేరు.

బళ్లారి ఆనాడు చెన్నరాజధానిలోని జిల్లా ముఖ్యపట్టణము. తెలుగు కన్నడములు రెండును వీధులలో వినబడు ఊరు. అచ్చట వకీలుగా నున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886–87 ప్రాంతమున సరసవినోదినీ సభను నెలకొల్పెను. అతని ‘చిత్రనళీయము’ 1887లో ప్రదర్శితమయ్యెను. సభలోని వారికి జీవనోపాధి వేరుగా నుండెను. పగలు కచేరీ పని, రాత్రి నాటకాభ్యాసము. ఇదియే వారి దినచర్య. ఆచార్యులు ముప్పదికి పైబడి నాటకములు రచించెను. అంకములను రంగములుగా విభజించుట, పాత్రలచే పాటలు పాడించుట అతనివలన ప్రచారమునకు వచ్చెను. సంస్కృత సంప్రదాయము విషాదాంతమును అంగీకరింపదు. అయినను అతడు ‘విషాద సారంగధర’ రచించి, నిరపరాధి పతనమును ప్రేక్షకుల కన్నులయెదుట నిలిపెను. ‘ఆంధ్రనాటక పితామహు’డను బిరుదము అతనికి ఊరక రాలేదు.

ఆ ఊరిలోనే కోలాచలం శ్రీనివాసరావు అను మరియొక వకీలు వేరొక సభకు వెన్నెముకగా నిలిచి, చారిత్రక నాటకములకు దారితీసెను. విజయనగర పతనమును తెలుపు ‘రామరాజు చరిత్రము’ అతనిదే. ప్రపంచ నాటక చరిత్రను ఆంగ్లమున గ్రంథముగా వ్రాసినవాడును అతడే. ఒక్క పట్టణమున రెండు సభలు! పోటీ లేకుండునా? ఉండెను. అయితే ఆ పోటీ వలన ఊరికి నష్టము కలుగలేదు. నూతన నాటకములు కలిగెను.

ఈ సభల ప్రభావము బళ్లారితో ఆగిపోలేదు. సరసవినోదినీ సభవారు చెన్నపట్టణమున ప్రదర్శనము లిచ్చినపుడు పమ్మల్ సంబంధ మొదలియారను తమిళ యువకుడు చూచెను. నాటకమన్నచో అంతవరకు అతనికి చిన్నచూపు. చదువుకొన్న గౌరవనీయులు రంగమెక్కి ఆడుట కాంచినంతనే ఆ భావము తొలగిపోయెను. 1891లో చెన్నపట్టణమున సుగుణ విలాస సభ పుట్టెను. ఆధునిక తమిళ నాటకమునకు అది పుట్టినిల్లు. ఒక తెలుగు సభ పొరుగు భాషకు దీపము వెలిగించిన వృత్తాంతమిది.

రామకృష్ణమాచార్యుల మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు. బళ్లారి రాఘవయని లోకమెల్ల ఎరుగును. 1880లో జన్మించి, న్యాయవాదిగా పేరుపొంది, నటనను ఆరాధనగా భావించినవాడు. రాగము సాగదీసి చప్పట్లు కొట్టించుకొనుట నటన కాదనియు, పాత్ర హృదయమును గ్రహించుట నటనయనియు అతని మతము. హరిశ్చంద్రుడు, రామదాసు, హిరణ్యకశిపుడు మొదలగు పాత్రలు అతనికి పేరు తెచ్చెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, కుటుంబస్త్రీలను రంగమునకు ఆహ్వానించెను. ఆ పిలుపు నందుకొన్నవారిలో కొమ్మూరి పద్మావతీదేవి యొకరు. మర్యాదస్తుల ఇంటి ఆడువారు నాటకమాడుట అపకీర్తియని తలచిన రోజులవి. చప్పట్లు రాఘవకు దక్కెను. నిందలో పెద్దపాలు వారు భరించిరి. ఆ ధైర్యమును మరచినచో చరిత్ర సగమే చెప్పినట్లగును. రాఘవ 1946లో దివంగతుడయ్యెను. 1981లో భారత తపాలాశాఖ అతని స్మృత్యర్థము తపాలాబిళ్ల వెలువరించెను.

1932లో ‘భక్తప్రహ్లాద’తో తెలుగు చలనచిత్రము మాటలాడ నేర్చెను. జనులు క్రమముగా అటు మరలిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఎల్లలు మారినంతమాత్రమున ఋణము తీరదు. రెండు భాషల ప్రజలు కలసి బ్రతికిన ఊరిలో మన నాటకము పెరిగినదని నేటి పిల్లలకు ఎవరు చెప్పుదురు?

ఆ సభల ఆశయమును మూడు మాటలలో చెప్పవచ్చును. కళ ధనమునకు దాసి కారాదు. నటుడు సంఘమున తలయెత్తి తిరుగవలెను. నాటకము ప్రేక్షకుని ఆలోచింపజేయవలెను. అట్లని, కూలికి ఆడువాడు తక్కువవాడని తలపరాదు. సురభివారు అన్నము నాటకమున సంపాదించిరి. బళ్లారివారు అన్నము సంపాదించుకొని నాటకమాడిరి. ఇరువురును లేనిచో తెలుగు రంగస్థలము లేదు. అయితే ఉన్నతవిద్యగాని సంపదగాని గల వారికే జీతములేని కళ సులభము. పేదవానికి అది దుర్లభము. గ్రామమున ఆ లోటు తీర్చవలసినది ఊరందరి చందాయే.

ప్రదర్శనము ఒక రాత్రితో ముగియును. తెర మడచిన పిదప మిగులునది గ్రంథమొక్కటే. దానిని కాపాడునది గ్రంథాలయము. ఆనాటి నాటకముల ప్రతులు పెక్కు ఇండ్ల అటకలపై చెదలకు ఆహారమగుచున్నవి. చందాదారులు అట్టివానిని తెచ్చి ఈ బీరువాలకు సమర్పింతురు గాక. నెలకొక సాయంకాలము పెద్దలును, పిల్లలును, బాలికలతో సహా, పాత్రలు పంచుకొని ఒక నాటకమును బిగ్గరగా చదువుదురు గాక. దానికి తెర యక్కరలేదు, కిరీటము లక్కరలేదు. ఒక దీపము, నాలుగు ప్రతులు చాలును. బళ్లారి సభలును పెద్దభవనములతో ఆరంభమైనవి కావు; పగటి పని ముగించుకొని కూర్చుండిన కొందరి పట్టుదలతో ఆరంభమైనవి.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి తన నాటక సమాజముతో కూడ వర్ధిల్లుగాక!